బండారులంక కొట్లో లాగిన్ నిలవలేదు

నేను చేసిన చీరల సైటులో మా ఇంటినుంచి లాగిన్ అయితే గంటసేపు చక్కగా నిలుస్తుంది. బండారులంకలో షావుకారు గారి చీరల కొట్లో మాత్రం పేజీ మార్చగానే మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతోంది. బుట్టలో వేసిన చీర మాయం! "మీ సైటుకి మతిమరుపండీ," అన్నారాయన ఫోన్లో. "రేపు మధ్యాహ్నంలోగా కుదరకపోతే పని హైదరాబాద్ వాళ్ళకి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకండేం."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? అమలాపురంలో కంప్యూటర్లు నేర్పే ఉద్యోగం మానేసి, సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది. అమ్మ అప్పటికే "ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె" అంటోంది.

సైటు పీహెచ్‌పీ కోడంతా తిరగేసేను. ఎవరొచ్చేరో గుర్తుంచుకునే సెషన్ మొదలెట్టే లైను ప్రతి పేజీలోనూ పైనే ఉంది. సర్వర్లో సెషన్ ఫైళ్ళు పుడుతున్నాయి, కాకపోతే మనిషికొకటి కాదు, క్లిక్కుకొకటి! లాగిన్ అయినవాళ్ళకి సర్వరు కుకీ అని ఓ చీటీ ఇస్తుంది. బ్రౌజరు దాన్ని ప్రతి పేజీ దగ్గరా చూపించాలి. దానికి నేను గంట గడువు పెట్టేను. కొట్లో కంప్యూటరు ఆ చీటీ చూపించడమే లేదు. ఏ గంగలో కలుపుతోందో!

పొద్దున్నే ఆటో ఎక్కి కొట్టుకి వెళ్ళేను. ఎన్నిసార్లు లాగిన్ అయినా బయటికి నెట్టేసింది. దిక్కుతోచక తెరంతా వెతుకుతుంటే, ఓ మూలన తేదీ కనిపించింది. ఆగస్టు! బయట నడుస్తున్నది జూలై.

"తేదీ ఎవరు మార్చేరండీ?"

"నేనేనండీ. ఆషాఢంలో కొత్త కంప్యూటరు మొదలెట్టకూడదు కదా! శ్రావణంలో మంచిరోజు చూసి, తేదీ అక్కడికి జరిపి, కొబ్బరికాయ కొట్టేను."

ఓరి దేవుడా! ఆగస్టులో ఉన్న ఆ కంప్యూటరు లెక్కలో నా చీటీ మీది జూలై గడువు ఎప్పుడో దాటిపోయింది. అందుకే అందగానే పారేస్తోంది. తేదీ వెనక్కి తిప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టేరు.

"శ్రావణంలో మొదలెట్టినదాన్ని ఆషాఢంలోకి లాగుతారాండీ?"

పళ్ళు కొరుక్కున్నాను. వాదనకి టైము లేదు. కోడులో గడువు తీసేసి, బ్రౌజరు మూసేదాకా చీటీ చెల్లేలా మార్చేను. ఆయన బుట్టలో చీర వేసేరు. పేజీ మార్చేరు. మళ్ళీ మార్చేరు. చీర ఉంది.

"మరి పని నాకేనాండీ?"

"బాగానే ఉందండీ. కానీ ఆషాఢంలో మాటివ్వకూడదు. శ్రావణం రానివ్వండి, చెప్తాను."

అన్నాళ్ళూ ఎదురుచూస్తూ కూచోవాలా? కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చేయి.

"మీ కంప్యూటర్లో వచ్చేసింది కదండీ!" అని అరిచేసేను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర మూలకి వంగి చూసేరు.

"ఆయ్, నిజమేనండీ," అన్నారు. "అయితే పని మీదే."