అక్క బల్ల మీద వెలుతురు

కిందటి నెలలో లైటింగ్ ఇంజనీర్ల సంఘం వారు ఫోన్ చేసి, వట్లూరులో ఒక కాలేజీ హాల్లో పాత సభ్యులకి సన్మానం పెట్టుకున్నామని, ఏలూరు శాఖకి మొదటి కార్యదర్శిని నేనే కాబట్టి తప్పకుండా రావాలని అడిగారు. మా ఆవిడ సంబరపడి ఆ సాయంత్రమే బీరువాలోంచి తెల్ల చొక్కా తీసి ఇస్త్రీకి పంపబోయింది. ముదురు రంగుది ఏదైనా చూడమంటే, "సన్మానానికి నల్ల చొక్కా ఏంటండీ, నలుగురూ నవ్వుతారు" అంది. ఆవిడకి చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఉంది గానీ, అది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్ళు చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజుల్లో నేను తాడేపల్లిగూడెంలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఏలూరులో కాపురం, పాసింజర్లో రాకపోకలు. దీపాల గురించి పట్టించుకునే మనుషులు మా జిల్లాలో పిడికెడు మంది ఉండేవారు, తణుకు ఫ్యాక్టరీలో ఒకరు, కరెంటాఫీసులో ఇద్దరు, కాలేజీల్లో మాలాంటివాళ్ళు కొందరు. అందరం కలిసి సంఘానికి ఏలూరు శాఖ పెట్టుకున్నాం. ఏ పనికి ఎంత వెలుతురు ఉండాలి, దాన్ని ఎలా కొలవాలి అని పై కమిటీలు రాసి పంపిన ప్రమాణాలని ఒక మేడ మీద గదిలో కూర్చుని పారాయణంలా చదువుకునేవాళ్ళం. కొలవడానికి మాకు లక్స్ మీటరు ఒకటి ఉండేది, అరచేతిలో పట్టే పెట్టె, దాని కన్ను మీద వెలుతురు పడితే ముల్లు కదులుతుంది. ఆ మీటరు నిజం చెబుతోందో లేదో సరిచూసుకోవడానికి ప్రభుత్వ ప్రయోగశాలలో కొలిచి పంపిన దీపం మరొకటి. ఆ దీపాన్ని ఊరికే వెలిగించకూడదు, వెలిగినకొద్దీ అది మారిపోతుంది. అందుకని దూదిలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాను. దాన్ని వెలిగించే గదికి గోడలన్నీ నల్లరంగు వేశాం. లోపలికి వెళ్ళేవాళ్ళు ముదురు బట్టలే వేసుకోవాలి. తెల్లబట్ట మీద పడిన వెలుతురు తిరిగి మీటరు మీద పడి లెక్క పెంచుతుందని, కొలిచేవాడు మీటరుకి ఎడంగా నిలబడాలని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది నేనే. అయినవాళ్ళ సంస్థలకి వెలుతురు చాలుతుందని శాఖ తరఫున ధ్రువపత్రం ఇవ్వకూడదన్న నిబంధనని మొదటి సమావేశంలో పైకి చదివి వినిపించిందీ నేనే.

మా మామగారికి మండవల్లి దగ్గర రొయ్యల షెడ్డు ఉండేది. చెరువుల్లో పట్టిన రొయ్యల్ని అక్కడ ఆడవాళ్ళు వరసగా బల్లల దగ్గర నిలబడి ఒలిచి, వీపు మీది నల్లనరం తీసి, ఐసులో వేసేవారు. మా పెద్దమ్మ కూతురు, నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, ఆ పనికి వెళ్ళేది. మామగారితో చెప్పి పెట్టించింది నేనే.

అక్క కళ్ళ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు కొల్లేట్లో దోనె మీద వెళుతుంటే, గుర్రపుడెక్క ఆకుల కింద ఎక్కడ చేప కదిలిందో అక్క చెయ్యి చూపిస్తే మా పెదనాన్న అక్కడే వల విసిరేవాడు. ఆకాశం అంచున చుక్కల్లా కనిపించే పిట్టలని చూసి అవి గూడబాతులో, కొంగలో, దగ్గరికి రాకముందే చెప్పేసేది. సందులో ఎవరింట్లో సూదిలో దారం ఎక్కకపోయినా అక్కకే కబురు. చదువు పెద్దగా అబ్బలేదు, ఆస్తి లేదు, తనదని చెప్పుకోవడానికి దానికున్న గొప్ప ఆ చూపొక్కటే.

విదేశాల్లో సరుకు కొనేవాళ్ళు, ఒలిచే బల్లల మీద ప్రమాణం ప్రకారం వెలుతురు ఉన్నట్టు కాగితం అడిగారు. మామగారు మమ్మల్ని భోజనానికి పిలిచి, ఆ మాట వడ్డనలో కలిపి చెప్పారు. నిబంధన నాకు గుర్తుకి రాకపోలేదు. మా శాఖ ఇచ్చే మొదటి ధ్రువపత్రం, దాని కింద నా సంతకం అన్న ఊహ ముందు అది నిలవలేదు. మర్నాడు, మామగారు పండక్కి పెట్టిన గంజిపెట్టిన తెల్ల చొక్కా వేసుకుని మీటరుతో షెడ్డుకి వెళ్ళాను.

ముందు బల్లలు ఎలాగో గట్టెక్కాయి. చివరి వరసలో, ఐసు గదికి ఆనుకుని ఉన్న అక్క బల్ల దగ్గర మాత్రం ముల్లు ప్రమాణం చెప్పిన గీతకి కిందే ఆగిపోయింది. దీపాల్ని గొలుసులతో కిందికి దించి, ఇంకో రెండు వేస్తే చాలు, పూటలో అయ్యే పని. కానీ సరుకు లారీకి ఎక్కడానికి సిద్ధంగా ఉంది. మామగారు నా భుజం మీదుగా తొంగిచూసి, "ఏంటి అల్లుడుగారూ, ముల్లు ఇంకాస్త ముందుకి రాదా?" అన్నారు. మేనేజరు వెంటనే అందుకుని, "అల్లుడుగారి చేతిలో మీటరండీ, మామగారి మాట వినకేం చేస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు నేను దీపానికి ఎదురుగా జరిగి, మీటరు మీదకి వంగి నిలబడ్డాను. తెల్లకోట్లు వేసుకున్న మేనేజరునీ, సూపర్‌వైజరునీ చూద్దురు రమ్మని చెరో పక్కకీ పిలిచాను. ముల్లు మెల్లగా లేచి గీత దాటింది. మీటరులో దోషం లేదు. మా బట్టల తెలుపుని కూడా అది నిజాయితీగా కొలిచింది. అక్క చేతిలో రొయ్య పట్టుకుని బల్లకి అవతల నిలబడి, నా వంక ఎంత గర్వంగా చూసిందో చెప్పలేను. మేము పక్కకి తప్పుకోగానే దాని బల్ల మీద వెలుతురు ఎప్పటిలాగే పడిపోయింది. అదీ చూశాను.

ధ్రువపత్రానికి అద్దం కట్టించి షెడ్డు గుమ్మం మీద తగిలించారు. ఆ రోజు నా కోసం తుడిచిన ట్యూబులైట్లు తేమకి మళ్ళీ మసకబారాయి. నల్లనరం సరిగ్గా పోవడం లేదని సూపర్‌వైజరు కసిరితే, కనపడక చస్తున్నామని వెనక వరసవాళ్ళు ఎదురు తిరిగారట. అప్పుడు వాళ్ళని ఆపింది అక్కేనట. "మా తమ్ముడు మీటరు పెట్టి చూశాడమ్మా, వెలుతురు సరిపోద్దన్నాడు. మన కళ్ళే పోయుంటాయి" అందట. ఏలూరు వెళ్ళి చూపించుకుంటే డాక్టరు కళ్ళు బాగున్నాయన్నాడు. అక్క డాక్టరుని నమ్మలేదు, నన్ను నమ్మింది. బజార్లో కళ్ళజోడు కొనుక్కుని, అది పెట్టుకున్నా కనపడక, మరుసటేడు తనంతట తనే పని మానేసింది. తన సంపాదనా, ఆ బల్ల దగ్గరి కబుర్లూ రెండూ పోయాయి. పెళ్ళిళ్ళలో ఎవరైనా సూదీ దారం ఇస్తే, "నా కళ్ళు ఎప్పుడో పోయాయే తల్లీ" అని వెనక్కి ఇచ్చేసేది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. విస్తరి వంక చూస్తూ అన్నం కలుపుకున్నాను.

మామగారు పోయారు, షెడ్డు చేతులు మారింది, ఆ బల్లలూ లేవు. నేను మాత్రం సంఘంలో ఒక్కో మెట్టూ ఎక్కుతూ, కొలతలో నిజాయితీ గురించి ఎన్నో ఊళ్ళలో ఉపన్యాసాలు ఇచ్చాను.

సన్మానానికి ముందురోజు మా ఆవిడకి అంతా చెప్పాను. చేయించినవాడు తన తండ్రి, చేసినవాడు తన మొగుడు, ఏమంటుంది? తెల్ల చొక్కాని మళ్ళీ బీరువాలో పెట్టేసి, "ముందు వదినగారికి చెప్పి రండి" అంది. పొద్దున్నే మండవల్లి బస్సెక్కాను.

అక్క వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఇప్పుడు దాని కళ్ళజోడు నిజంగానే మందం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందు మామగారి గురించి, లారీ గురించి చెప్పబోయి, అవన్నీ సాకులని నాకే తెలిసి ఆపేసి, చొక్కా సంగతి చెప్పాను. నా తెల్ల చొక్కా వల్లే ముల్లు లేచిందని, ఆ సంగతి నాకు తెలిసే చేశానని, దాని బల్ల మీద వెలుతురు ఏనాడూ చాలలేదని చెప్పి తల దించుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

అక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "అయితే అప్పుడు నా కళ్ళు మంచివేనన్నమాట" అంది. ఆ మొహం వెలిగిపోయింది. లోపలికి తిరిగి, "ఏమ్మాయ్, విన్నావా, అప్పట్లో నా కళ్ళు బానే ఉన్నాయంట" అని కోడలికి కేకేసి చెప్పింది. తర్వాత నా వంక చూడకుండా, "ముందే చెప్పాల్సిందిరా, ఇంకొన్నాళ్ళు వెళ్ళేదాన్ని" అంది.

కళ్ళజోడు లేకుండానే దూరంగా చెరువు గట్టు వైపు చూసి, తెల్లగా బారుగా ఉన్నవి గూడబాతులేనా అని అడిగింది. అవునంటే పోయేది, ఆ పూటకి సంతోషపడేది. "కాదక్కా, మేత బస్తాలు" అన్నాను. జోడు పెట్టుకుని మళ్ళీ చూసి, "అవున్రా, బస్తాలే" అని నవ్వి, "ఈసారి మాత్రం నా కళ్ళే పోయాయి" అంది.

నేను సన్మానానికి వెళ్ళలేదు. అక్క వాకిట్లోంచే, ఎందుకు రాలేనో ఫోన్లో రాసి పంపిస్తే, ఇప్పటి కార్యదర్శి ఫోన్ చేసి, ఆ పాత సంగతులు ఇప్పుడెవరు అడుగుతారండీ అన్నాడు. నిజమే, ఎవరూ అడగరు. ఆ రాత్రి మండవల్లి నుంచి తిరిగి వస్తూ బస్సులోంచి చూస్తే, మా చిన్నప్పుడు నీళ్ళూ పిట్టలూ తప్ప ఏమీ ఉండని చోట, చెరువు గట్ల మీద పెళ్ళిపందిళ్ళలా దీపాలు బారులు తీరి ఉన్నాయి. వెలుతురు కొలవడానికి ఇప్పుడు సంఘాలూ నల్లగదులూ అక్కర్లేదు, కుర్రవాళ్ళు సెల్‌ఫోన్ తెరిచి చూసేస్తున్నారు, దాని మాట నచ్చకపోతే నవ్వేసి మూసేస్తున్నారు. ఒక తమ్ముడు మీటరు పెట్టి చూశాడని తన కళ్ళనే కాదనుకునే మనిషి ఇక ఎక్కడా ఉండదేమో. అలాంటి మనిషి ఒకత్తి నాకు అక్కగా దొరికింది. అది బల్లకి అవతల నిలబడి నా వంక చూస్తూ ఉండగా, నేను మీటరు మీదకి ఇంకాస్త వంగాను.