లిస్టులో లేని నియోజకవర్గం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఉండేది కాదు. డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదివి, ఖతర్‌లో ఓ కంపెనీలో కూలీల హాజరు రాసే ఉద్యోగంలో చేరాను మరి. (ఆ శాస్త్రం హాజరు పట్టీకి ఏ రకంగా పనికొచ్చిందని మాత్రం అడక్కండి.) మా క్యాంపులో కొత్తగా ఎవరొచ్చినా ఊరు అడిగేవారు కాదు, "ఏ పార్లమెంటు?" అని, అంటే ఏ పార్లమెంటు నియోజకవర్గమని అడిగేవారు. ఊరి పేరు చెబితే ఎవరికీ తెలియదు, జిల్లా పేరు చెబితే సగం క్యాంపు అదే జిల్లా. అందుకని అలా అలవాటైపోయింది.

మా గదిలో ఉండే పెద్దాయనను అందరూ పోలింగ్ కాక అనేవారు. సెంట్రింగ్ పని. అన్నం ముందు కూర్చుంటే చాలు, తన నియోజకవర్గంలో జరిగిన ఎలక్షన్ కథ మొదలుపెట్టేవాడు. గోడల మీద గుర్తులు, జీపుల్లో మైకులు, ఎండలో చాంతాడంత లైను, వేలికి సిరా. నాకు చరిత్రంటే పిచ్చి కాబట్టి హద్దులు ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఎవరు గెలిచారు, ఎవరు అలిగారు అని గుచ్చి గుచ్చి అడిగి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. సరి చూసుకుందామని ఓ రోజు ఫోన్లో వెతికితే అసలా నియోజకవర్గమే లేదు. హద్దులు మార్చినప్పుడు మూడు ముక్కలు చేసి మూడింటిలో కలిపేశారు. (పేరు చెప్పను. చెబితే మావాళ్ళు ఇప్పటికీ కొట్లాటకు దిగుతారు.) ఆ సంగతి అప్పటికప్పుడే కాకకు చెప్పేశాను, అంత తొందర నాకు.

"పోయిందా? వాగున్నదా లేదా?" అన్నాడు కాక.

"ఉంది."

"వాగవతల మా ఊరు?"

"ఉంది కాకా."

"మరి పోయిందేంది?"

ఆ శుక్రవారం ఏషియన్ టౌన్ మైదానంలో తెలుగువాళ్ళ సభ. నియోజకవర్గాల వారీగా పేర్లు పిలిస్తే ఆ ప్రాంతంవాళ్ళు లేచి నిలబడాలి, ఫొటో దిగాలి. చదువుకున్నవాణ్ణని లిస్టు పని నాకు అప్పగించారు. "బిడ్డా, మనది రాసినవా?" అని కాక రెండుసార్లు అడిగాడు. లేనిదాన్ని ఎలా రాస్తానని పాఠం చెప్పాను. ఆయన వెళ్ళి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

సభలో నేను మైకు పట్టుకుని గొంతు సవరించుకుని లిస్టు చదివాను. కాక ప్రాంతంవాళ్ళు మూడు ముక్కలుగా మూడుసార్లు లేచి ఫొటోలు దిగారు. పక్క ఊరివాళ్ళు చెయ్యి పట్టి లాగినా కాక లేవలేదు. లిస్టు అయిపోయింది. అప్పుడు తనే నా దగ్గరకొచ్చాడు.

"ఒక్కపారి పిలువు బిడ్డా."

"కాకా, అది రద్దయిందని చెప్పాను కదా."

"నాకు ఎర్కనే. తీసేసినప్పుడే మా ఇంటామె ఫోన్ల చెప్పింది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్ల నేను ఈడనే ఉంటి. ఓటేసింది బతుకుల ఒక్కపారే, అది ఆడనే. అది తీసేస్తే నేను యాడ ఓటేసినట్టు?"

సిగ్గేసింది. మైకులో ఆ పేరు పిలిచాను. కాక చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. అంతలో మూడు గుంపుల్లోంచీ తల నెరిసినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి ఆయన పక్కన చేరారు. సభ నడిపిస్తున్న కాకినాడ ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. "ఏంటండీ ఇది, ఇందాక దిగినోళ్ళే మళ్ళీ దిగుతారా?" అన్నాడు. దిగారు. ఆ రోజు అందరికన్నా పెద్ద ఫొటో వాళ్ళదే.

కాక ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఖతర్‌లోనే, అల్ వక్రాలో ఇంకా ఉన్నాను. ఆ రోజు అంత దర్జాగా లిస్టులో రాసుకున్న నా నియోజకవర్గంలో ఈ మధ్య కూడా ఎలక్షన్లు జరిగాయి, ఎప్పటిలాగే సెలవు దొరకలేదు. ఓటు వయసు వచ్చాక ఊళ్ళో ఉన్నప్పుడు ఎలక్షన్లు రాలేదు, వచ్చినప్పుడు నేను లేను. కాకకు ఒక్క ఓటైనా ఉంది. రాజనీతి శాస్త్రం చదివిన పెద్దమనిషికి ఒక్కటీ లేదు.