సారె కావిడిలో కంప్యూటర్

కొంచెం ఇటు జరిగి నా పక్కన కూకోండి. ఇది వీధికి వినపడేలా చెప్పుకునే మాట కాదు, అందుకే దగ్గరికి రమ్మంటన్నాను.

మా అమ్మాయికి పెళ్ళయిన ఏడాది అది. అల్లుడు పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు. వాటిని కోసి, అతికించి, పాటలు పెట్టడం మా అమ్మాయి పని. పెళ్ళి జరిగిన చోటే, చుట్టాలు ఇంకా విడిదిలో ఉండగానే చూపించేస్తే పేరొస్తాదని దాని ఆశ. అంత పని చేసే లాప్‌టాప్ కొనడం మావల్ల కాదు. "టేబులు మీద పెట్టే కంప్యూటర్ సామాన్లే ఓ పెట్టెలో బిగించుకుంటానమ్మా, ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు" అన్నాది. పెళ్ళికి ముందు రాజాంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పనిచేసిన పిల్ల, చెయ్యగలదు.

ఆషాఢానికి మా ఇంటికొచ్చినప్పుడు మొదలెట్టింది. పెట్టె నాదే, చీరలు పెట్టుకునే రేకు పెట్టె. మూత లోపల మానిటర్ బిగించింది. మూత ఎత్తితే తెర నిలబడతాది. అడుగున చెక్క వేసి, మదర్‌బోర్డుకి రేకు తగలకుండా పాత హవాయి చెప్పులు కోసి ముక్కలు పెట్టింది. పక్కలకి చిల్లులు పొడిచి ఫ్యాన్లు అమర్చింది. దుమ్ము దూరకుండా వాటికి దోమతెర గుడ్డ. ఆ గుడ్డ కత్తిరించింది నేనే. తెర మొదటిసారి వెలిగినప్పుడు పక్కింటోళ్ళని కూడా పిలిచి చూపించాను.

శ్రావణం వచ్చింది, పిల్లని సారెతో అత్తారింట దింపాలి. "సారె వద్దమ్మా, దాని బదులు మానిటర్ కొన్నావు కదా" అన్నాది. వియ్యపురాలికి ఫోన్ చేసి అడిగాను. ఆవిడ కసురుకుంది కూడా. "ఓలమ్మ, తినీసే మిఠాయికేటి వదినా! పిల్లకి అక్కరకొచ్చేదే తే" అన్నాది. రెండిళ్ళ వాళ్ళం ఒప్పుకున్నాం, ఇంకేటి అనుకున్నాను. సారె అంటే రెండిళ్ళకే సంబంధం అనుకోడం, అక్కడే నా బుర్ర పనిచెయ్యలేదు.

పాతపట్నం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఊరి ముందు కల్వర్టు తవ్వేసి ఉన్నాది. ఆటో ఆగిపోయింది. పెట్టె చూస్తే బియ్యం బస్తా అంత బరువు. ఇద్దరం ఎత్తుకుని నాలుగడుగులు వేసేసరికి పిడి ఊడి చేతికొచ్చింది. పొలం నుంచి వస్తన్న ఒకాయన మమ్మల్ని చూసి కావిడి దించాడు. ఒక పక్క పెట్టె, రెండో పక్క కరెంటు పోతే ఆదుకునే యూపీయస్ కట్టాడు. "ఇదే నయమమ్మా, కుదుపులుండవు" అని మా అమ్మాయి సంబరపడింది. ఇంతలో జల్లు మొదలైంది. లోపల తడుస్తాదని సంచీలోంచి కొత్త చీర తీసి పెట్టె మీద నేనే కప్పాను.

చూడండి మరి. శ్రావణమాసం. ముందు కొత్త చీర కప్పిన కావిడి, వెనక కొత్త కోడలు, ఆ వెనక తల్లి.

"ఒసే, సారె వచ్చినాదే! రండే!"

మేం గుమ్మంలోకి వచ్చేసరికి వీధి ఆడోళ్ళందరూ అరుగు మీదే ఉన్నారు.

"కావిడి బద్ద ఎలా వొంగిపోయినాదో సూడు. గట్టి సంబంధమే!"

"సున్నుండలే అయ్యుంటాయి. ఏటమ్మా రాజాం వదినా, మూత తియ్యవేటి? మేమేటి ఎత్తుకుపోతామా?"

సారె వీధంతటికీ పంచాలని నాకప్పుడు వెలిగింది. మా అమ్మాయికి ఇంకా అర్థం కాలేదు పాపం, తను చేసింది చూడ్డానికే వచ్చారనుకుని మురిసిపోతూ మూత ఎత్తింది. తీగలు, ఫ్యాన్లు, నల్లటి తెర. అందరూ మెడలు సాచి లోపలికి తొంగి చూశారు. అప్పుడొకావిడ అన్నాది:

"ఏటే పిల్లా, మీ అమ్మ ఫ్యాన్లు వండి తెచ్చినాదా?"

"నమిలితే పళ్ళూడిపోతాయి, పిన్నీ!"

ఒకటే నవ్వులు. "కంప్యూటరండి" అని మా అమ్మాయి చిన్నగా చెప్పి తల దించీసింది. ఆ దించిన తల చూసి నేను గోడకి ఆనుకుపోయాను.

వియ్యపురాలు లోపల్నుంచి వచ్చి ఒకసారి అందర్నీ చూసింది. "నవ్వులాపండే. తినేవి ఆటోలో ఉండిపోయినాయి, వస్తన్నాయి" అన్నాది. అని పెరటి దారిన వెళ్ళిపోయింది. వీధి చివర మిఠాయి కొట్టుకని తర్వాత తెలిసింది. బేసిన్ నిండా బూందీ లడ్డూలు తెచ్చి, నా చేతిలో పెట్టి, "పంచు వదినా" అన్నాది.

పంచాను. ఏం చేస్తాను?

"బాగున్నాయమ్మా, నీ చేతివేనా?" అని ఒకావిడ అడిగింది. తలూపాను. నాకు కూడా ఒకటి ఇచ్చారు. కొంగు చివర ముడేసుకున్నాను.

అందరూ వెళ్ళాక వియ్యపురాలు నా పక్కన కూకుంది. "మనిద్దరం ఒప్పుకుంటే సరిపోతాదా వదినా? ఈ పిల్ల రోజూ ఈ వీధిలోనే నీళ్ళకెళ్ళాల" అన్నాది. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. ఆవిడ మొహం చూడలేక, లేచి ఖాళీ బేసిన్ పెరట్లోకి పట్టుకెళ్ళి తోమాను.

ఆ పెట్టె ఇప్పుడు పెళ్ళి పెళ్ళికీ వెళ్తాది, పేరు కూడా వచ్చినాది. ఆ రోజు నవ్వినోళ్ళ ఇళ్ళ పెళ్ళిళ్ళు కూడా అందులోనే తయారైనాయి. అయినా ఆ వీధిలోకి అడుగెడితే నా చూపు నేల మీదే ఉంటాది.

మీ ఇంటి ఆడపిల్లలు ఏ వీధిలో కాపరం చేసినా తలెత్తుకు తిరగాల. మీ పొయ్యి మీద గిన్నె నిండుగా ఉండాల. మీ పరువు తన పరువనుకునే వియ్యపురాలు మీ ఇంటికీ దొరకాల, సల్లగా ఉండండి.