ఆ మందు మా ఇంటికి పడదు

ఆ రోజు పొద్దున్నే కొట్లో కూర్చున్నాను. ఒడిశాలోని రాయగడ బజారులో మాది కిరాణా హోల్‌సేల్. మా ఆయన గోదాములో బస్తాలు దింపించుకుంటున్నారు. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు మొదలైన నొప్పి మధ్యాహ్నానికి కుడివైపు దిగింది. గ్యాసేమోనని వాము నమిలాను. పైగా నా ఖర్మ కొద్దీ కడుపునిండా భోజనం కూడా చేశాను. కాసేపటికి నిటారుగా నిలబడలేకపోయాను.

నర్సింగ్‌హోమ్‌లో స్కాన్ తీసి అపెండిక్స్ అన్నారు. పగిలేలా ఉంది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ ఒడియా ఆవిడ, చిన్న వయసే. "మీ ఇంట్లో ఎవరికైనా అనస్థీషియాతో ఇబ్బంది వచ్చిందా?" అని అడిగింది. నేను మూలుగుతున్నాను. పక్కనున్న మా అమ్మ ఒడియాలోనే టక్కున అందుకుంది.

"ఏటీ నేదమ్మా. మా వొంశంలో అందరం రాయిలాటోళ్ళం."

మా అమ్మ అబద్ధాలకోరు అనుకోకండి. పెళ్ళికెదిగిన పిల్లలున్న ఇళ్ళలో జబ్బు మాట బయటికి రానివ్వకపోవడం మావాళ్ళ అలవాటు. మాకు షుగర్ ఉన్నవాళ్ళు ఎవరూ ఉండరు, "కాస్త తీపి తగ్గించినవాళ్ళు" ఉంటారు. మా పెద్దమ్మ, అంటే అమ్మకి స్వయానా అక్క, విజయనగరంలో గర్భసంచి ఆపరేషన్‌కి వెళ్ళి, మత్తిచ్చాక లేవకుండా బల్లమీదే పోయింది. ఎవరడిగినా గుండె ఆగిందని చెప్పుకున్నాం.

ఇంకో సంగతి ఉంది. మా తెలుగు ఇంటిపేరు ఇక్కడివాళ్ళకి నోరు తిరగదని తాతగారి నాటినుంచీ బడిలోనూ ఆఫీసుల్లోనూ సాహు అనే రాయించుకుంటున్నాం. ఒడిశాలో సాహులు ఎన్ని కులాల్లో లేరు! డాక్టరమ్మ నన్నూ ఇక్కడి సాహుల్లో ఒకదాన్నే అనుకుంది.

ఆపరేషన్ అయిపోయింది. మత్తు వదిలి నాకు తెలివొచ్చింది. ట్రేలో కత్తెర పడేసిన చప్పుడు వినిపించింది. "మేడమ్, కళ్ళు తెరవండి" అంటున్నారు. తెరవబోయాను, రెప్ప కదల్లేదు. చిటికెన వేలు కదల్లేదు. ఊపిరి నేను తీసుకోవడం లేదు, ఎవరో సంచీ నొక్కుతూ నా ఛాతీలోకి గాలి తోస్తున్నారు. "రెస్పాన్స్ లేదు" అని ఒక గొంతు అంది. బతికే ఉన్నాను తల్లీ, బతికే ఉన్నాను అని లోపల అరుస్తున్నాను. నన్ను పోయిందనుకుని గుడ్డ కప్పేస్తారేమో అనిపించింది. అంత భయం పగవాళ్ళకి కూడా వద్దు.

అప్పుడు డాక్టరమ్మ గొంతు దగ్గరగా వినిపించింది. "కంట్లోంచి నీళ్ళొస్తున్నాయి. ఈమెకి అన్నీ తెలుస్తున్నాయి. మళ్ళీ నిద్రపుచ్చండి, వెంటిలేటర్ మీదే ఉంచుదాం." ఆవిడ చల్లని చెయ్యి నా నుదుటిమీద పడింది. ఆ తరవాత ఏమీ తెలీదు.

మర్నాటికి వేళ్ళు కదిలాయి, గొట్టం తీశారు. డాక్టరమ్మ వచ్చి మా ఆయన్ని అడిగింది. "మీలో మీరు తెలుగు మాట్లాడుకుంటున్నారు. మీరు కుముటివాళ్ళా?" మా వైశ్యుల్ని ఒడియాలో అలాగే అంటారు. మా ఆయనకి కోపం ముక్కుమీద ఉంటుంది. "ఆసుపత్రిలో కులం ఎందుకమ్మా?" అని గయ్యిమన్నారు.

ఆవిడ నొచ్చుకోలేదు. నిదానంగా చెప్పింది. "గొంతులో గొట్టం వేసేముందు కండరాలు వదులయ్యేందుకు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తాం. ఈమె పొట్ట ఖాళీగా లేదు కాబట్టి త్వరగా పనిచేసే ఆ మందే వాడాను. రక్తంలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొట్టేయాలి. ఈమెలో అది లేనట్టే ఉంది. తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళలో ఇలాంటివి నిలిచిపోతాయి. అది మీ ఒక్కరి సంగతే కాదు, ఒక్కో కులంలో, ఒక్కో మతంలో ఒక్కోటి ఉంటుంది. తెలుగు వైశ్యుల్లో ఇది మిగతావాళ్ళకన్నా ఎక్కువని మాకు చదువులోనే చెప్తారు. నాకు తెలిసుంటే ఆ మందు ముట్టుకునేదాన్ని కాదు."

విశాఖపట్నం పంపిన బ్లడ్ టెస్ట్ కూడా అదే చెప్పింది. మా అమ్మానాన్నలది మేనరికం. నాదీ మేనరికమే.

ఇంటికొచ్చాక అమ్మకి జరిగిందంతా చెప్పాను. నాకన్నీ వినపడ్డాయని చెప్పగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"అయితే అక్కకీ ఇనపడే ఉంటాదేటే? బల్ల పక్కన నిలబడి, పోయింది, పోయింది అని గుండెలు బాదుకున్నాను. అది ఇన్నాదేటే?"

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. గాయం మానినా నాకు నిద్ర పట్టేది కాదు. దుప్పటి మొహంమీదికి వస్తే చాలు, ఊపిరాడక లేచి కూర్చునేదాన్ని.

అంతకన్నా పెద్ద బెంగ మా అమ్మాయి లావణ్యది. దాన్ని జయపురంలో మా అన్నయ్య కొడుక్కే ఇచ్చాం. అప్పటికి దానికి నెలలు నిండుతున్నాయి. డాక్టరమ్మ దానికి కూడా టెస్ట్ తప్పదంది. నేను వదినకి ఫోన్ చేశాను.

"నీకు పడనేదు, సరే. మా కోడలికేటయింది?" అంది వదిన. "సిన్నోడికి సునాబెడ సంబంధం కుదిరేలాగుంది. ఈ మాట బయటికొస్తే రగతంలో దోసం అనీరా? పురుడయ్యాక సూద్దాం. నోరు కట్టీసుకో నాగమణీ."

"నా కూతురు పేణం కన్నా నీకు సంబంధం ఎక్కువైపోనాదా వదినా?" అన్నాను. ఒళ్ళు మండిపోయింది. అన్నయ్య ఫోన్ లాక్కుని, మామూలు కాన్పే అవుతుంది, కంగారు పడకు అన్నాడు. లావణ్య చాటుగా ఫోన్ చేసి, "నాకు బయమేస్తంది, నువ్వొచ్చీ అమ్మా" అంది. బట్టలు సర్దుకుంటుండగానే, చెప్పిన తేదీకి ముందే నొప్పులొచ్చాయని కబురొచ్చింది.

కోరాపుట్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారని తెలిసి దొరికిన రైలెక్కాను. దారిలో అన్నయ్య ఫోన్ చేశాడు. "లోపల బిడ్డ గుండె తగ్గిపోతందంట. వెన్నులో సూది ఇచ్చే టైమ్ నేదంట, పూర్తిగా మత్తిచ్చి కోసీయాలంట." నేను అరిచాను. "అన్నయ్యా, ఆ మందు సంగతి డాక్టరుకి సెప్పు!" రైలు సొరంగంలోకి దూరింది, ఫోన్ తెగిపోయింది. ఆ దారిలో ఒక సొరంగం దాటితే ఇంకోటి. సిగ్నల్ వచ్చినప్పుడల్లా చేశాను, ఎవరూ ఎత్తలేదు. నా కూతురు బల్లమీద వింటూ పడుంటుందని తలుచుకుని చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అక్కడేం జరిగిందో తరవాత అన్నయ్య చెప్పాడు. వదిన వరండాలో ఉంది. పక్కనే సునాబెడ నుంచి కాబోయే వియ్యాలవారు, పలకరించి పోదామని పళ్ళు పట్టుకొచ్చి కూర్చున్నారు. మత్తు డాక్టరు బయటికొచ్చి, ఇంట్లో ఎవరికైనా అనస్థీషియా పడలేదా అని గబగబా అడిగాడు. అన్నయ్య వదిన మొహం చూశాడట. వదిన లేచి అందరిముందూ గట్టిగా అరిచిందట.

"మేం కుముటోళ్ళం బాబూ! మా ఆడబడుసు ఆ మందుకి సచ్చి బతికింది. ఈ పిల్ల దాని కూతురే. ఆ మందు ఎయ్యకండి, మీ కాళ్ళట్టుకుంటాను!"

డాక్టరు "ఏ మందో అర్థమైంది. మంచిపని చేశారు, వేరే మందుంది" అని లోపలికి పరిగెత్తాడట. నేను వెళ్ళేసరికి లావణ్య కళ్ళు తెరిచి ఉంది. పక్కన ఆడపిల్ల. నేను లావణ్య వేళ్ళు పట్టుకుంటే అది నా వేళ్ళు గట్టిగా నొక్కింది. అప్పుడుగాని నాకు ఊపిరి ఆడలేదు.

తరవాత చేయించిన టెస్ట్‌లో లావణ్యకి కూడా ఆ ఎంజైమ్ లేనట్టేనని తేలింది. ఆ మందే ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నేను తలుచుకోను. సునాబెడవాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. చిన్నవాడికి ఇప్పటికీ ఎక్కడా కుదరలేదు. అన్నయ్య మాత్రం టెస్ట్ అంటే "నాకేటి రోగం?" అని లేచిపోతాడు. నేను లైటు వేసుకునే పడుకుంటున్నాను. మొన్న వదిన దగ్గర కూర్చుని, నీ రుణం తీర్చుకోలేను అన్నాను.

"నిన్ను నోరు కట్టీసుకోమని, నేనే ఇప్పీసేను" అంది. నవ్వలేదు. మనవరాలికి నూనె రాస్తూ మొహం అటు తిప్పుకుంది.

చదువుతున్నవాళ్ళకి ఒక్కటే చెప్తాను. మనం సంబంధం అనగానే గోత్రం అడుగుతాం. మీ ఇంట్లో మత్తిచ్చాక లేవనివాళ్ళు, ఆలస్యంగా లేచినవాళ్ళు ఉన్నారా అని కూడా అడగండి. ఉంటే రక్తసంబంధీకులందరూ సూడోకోలినెస్టరేజ్ టెస్ట్ చేయించుకోండి. ఆ మందు పేరు కాగితంమీద రాసి పర్సులో పెట్టుకోండి. డాక్టరు అడగకపోయినా, పక్కన ఎవరు కూర్చున్నా, మీ నోటితో మీరే చెప్పండి. బల్లమీద పడుకున్నాక చెప్పాలంటే నోరు కదలదు.