చివరి జవాబు చూసే సార్

మెదక్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఖుద్దూస్ సార్ ఫిజిక్స్ చెబుతాడు. హోంవర్క్ మహా నిష్ఠగా దిద్దుతాడని ఆయనకు పేరు. ఆ నిష్ఠ ఏపాటిదో ఆయనకే తెలియాలి. కాగితం తిప్పి చివరి జవాబు చూస్తాడు. సరిగ్గా ఉంటే మార్కులు, ఇద్దరిదీ ఒకే తప్పయితే కాపీ అని సున్నా. పైన రాసిన లెక్క జోలికి పోడు.

మొన్న కటకాల లెక్క ఇచ్చాడు. ఎల్దుర్తి బస్సులో వచ్చే పిల్లలందరి జవాబూ ఒకటే, అందరిదీ తప్పే. ఒకరు చేస్తే మిగతావాళ్లు బస్సులో మోకాళ్ల మీద పెట్టుకుని ఎక్కించుకోవడం అక్కడ ఆనవాయితీ. మొదట ఎవరు చేశారో విచారించే ఓపిక సార్‌కు ఎక్కడిది? అందరినీ ఒకే గాటన కట్టి సున్నాలు చుట్టాడు. ఎక్కించుకున్నవాళ్లు నవ్వుకుంటూ పోయారు. వాళ్లలో సలోమి అనే పిల్ల మాత్రం కాగితం పట్టుకుని అలాగే నిలబడింది. మర్నాటి నుంచి కాలేజీకి రాలేదు.

ఆయన ముందు పట్టించుకోలేదు. ఆ లెక్క చేసింది సలోమేనని, సున్నా చూసి బస్సులో ఏడ్చిందని, ఇప్పుడు ఫోన్ కూడా కలవడం లేదని పిల్లలు చెప్పాక పై ప్రాణాలు పైనే పోయాయి. మార్కులు తక్కువొచ్చి ప్రాణం తీసుకున్న పిల్లల వార్తలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. క్లాసు వదిలేసి బండి తీశాడు. సలోమి ఇంటి ముందు జనం మూగి ఉంటారేమోనని ఎల్దుర్తిలో వీధి మలుపు దగ్గరే ఆగిపోయాడు. యా అల్లా, ఆ పిల్లను చల్లగా చూడు అనుకుంటూ తొంగిచూస్తే వాకిట్లో ఎవరూ లేరు. అందరూ ఆసుపత్రికి పోయారేమోనని ఇంకా భయపడ్డాడు.

దగ్గరికి వెళ్లి పిలిస్తే సలోమి బయటికొచ్చింది. సార్‌ను చూసి బిత్తరపోయి కుర్చీ వేసింది. ఆయన అందులో కూలబడ్డాడు. ఎందుకు రావడం లేదని అడిగేలోపే ఆ పిల్లే కాగితం తెచ్చి ముందు పెట్టింది.

"సున్నా వెట్టిండ్రు గని తప్పు ఏడుందో రాయలే సార్. మస్తు సూసిన, దొరుకలే. జర సూపియ్యుండ్రి."

ఖుద్దూస్ మొదటిసారి ఆ లెక్కను పైనుంచి చదివాడు. బొమ్మ సరిగ్గానే ఉంది, సూత్రమూ సరిగ్గానే ఉంది. పుటాకార కటకం నాభ్యంతరానికి మైనస్ పెట్టడం ఒక్కటే మరిచిపోయింది. అక్కడ వేలు పెట్టి చూపించాడు.

"గంతేనా సార్?" అంది సలోమి. "నాకు ఫిజిక్సే రాదనుకున్న. టీసీ తెస్తనని బాపు ఇప్పుడే కాలేజీకి పోయిండు."

ఖుద్దూస్ బండి తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. ఆ టీసీ బాపు చేతికందక ముందే కాలేజీకి చేరాలి.