గోడ వైపు తిరిగి వినమన్న మనిషి

ఆగస్టు నెల, మూడో ఆదివారం. ఇవాళ చర్చిలో పాట మొదలైనా ఎవరూ ట్యూబ్‌లైట్లు ఆర్పలేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. పాట అయ్యాక పాస్టరుగారు చెప్పారు. మా గిటార్ మాస్టారు తెల్లవారుజామున కంపెనీ ఆసుపత్రిలో కన్నుమూశారు.

మా గని టౌన్‌షిప్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు ఆ లైట్ల సంగతి చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద పికప్ అని ఒక చిన్న పట్టీ ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్టి చేస్తారు. తీగ వణుకును కరెంటుగా మార్చి స్పీకరుకు పంపేది అదే. మాస్టారి పాత పికప్ ట్యూబ్‌లైట్ల రొదను కూడా పట్టుకొని గుయ్యిమనేది. అందుకే పాటకు ముందు లైట్లు ఆర్పేవాళ్లం. పక్క గని ఊరు బచేలీ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక కుటుంబం అది మా భక్తి పద్ధతి అనుకొని ఇంట్లో కూడా లైట్లు ఆర్పి పాడటం మొదలుపెట్టింది. ఆ మాట విని మాస్టారు నవ్వలేదు. "ఆర్పనీ. చూపు తగ్గితే చెవి పెరుగుద్ది," అన్నారు.

గనిలో ఆయన ఎలక్ట్రీషియన్. శ్రీకాకుళం వైపు మనిషి. దేన్నీ వెంటనే నమ్మేవారు కాదు. సంతలో టమాటాను తిప్పి తిప్పి చూసేవారు. "ఏక్‌దమ్ తాజా" అన్న దుకాణం దాటి, ఏమీ అనని ముసలమ్మ దగ్గర కొనేవారు. నేను ఏదైనా పాట బాగుందంటే "నిజంగా బాగుందేటి, బాగుందని ఎవరైనా చెప్పేరా?" అని అడిగేవారు. నాకు కోపం వచ్చేది. తర్వాత తర్వాత, పుస్తకంలో అందమైన వాక్యం కనబడినా అదే ప్రశ్న వేసుకోవడం అలవాటైంది. ఈ వ్యాసంలో ఇప్పటికే మూడు వాక్యాలు కొట్టేశాను.

పోయిన నెల పాత పికప్ లోపల తీగ తెగింది. గిటారు మోగకపోయినా ఆదివారాలు లైట్లు ఆర్పే అలవాటు మాత్రం పోలేదు. మాస్టారు విశాఖపట్నం నుంచి రెండు కొత్తవి తెప్పించారు. ఒకటి ఒంటి చుట్టది, పాతకాలపు తేట గొంతు. ఇంకొకటి జంట చుట్టది. రెండు చుట్లూ ఒకదాని రొదను ఒకటి కొట్టేస్తాయి, పైగా హార్డ్ రాక్‌కు కావలసిన గరగర దానిలో ఉంది. గిటారు చెక్క తొలిచి, రెండింటిలో ఏదైనా పట్టేలా చోటు చేశారు. ఏది బిగించాలో మాత్రం తేల్చుకోలేకపోయారు.

ఆయన దగ్గర నేర్చుకునే మమ్మల్ని గోడ వైపు తిప్పి నిలబెట్టి ఒకదాని తర్వాత ఒకటి వాయించారు. అందరం జంట చుట్టదే అన్నాం.

"ఎందుకు?"

"నిండుగా ఉంది మాస్టారూ."

"నిండుగా లేదు, బిగ్గరగా ఉంది. బిగ్గరగా ఉన్నదల్లా మంచిదనిపిస్తాది. అదే మోసం."

స్క్రూలు తిప్పి దాన్ని తీగలకు కాస్త దూరంగా దించారు. రెండింటి మోతా సమానమైంది. అప్పుడు మేం తలొకటి చెప్పాం. ఆయన సంతోషించారు. గరగర ఎలా ఉండాలో కూడా ఆ రోజే చెప్పారు: "చెకోడీ కొరికినట్టుండాలి. ఇసక నమిలినట్టు కాదు. పాత గొంతంటారా, అది తుప్పు గొంతు కాకూడదు."

ఇవాళ మధ్యాహ్నం ఆంటీ, అంటే మాస్టారి భార్య, మమ్మల్ని పిలిచారు. నన్నూ, చర్చిలో డ్రమ్స్ వాయించే అన్ననూ. అతనిది కొంటా ఊరు, గనిలో డంపర్ లారీ నడుపుతాడు. కూతురు రాత్రి రైలుకు వస్తుందనీ, సమాధి కార్యక్రమం రేపనీ ఆంటీ చెప్పారు. గిటారు విప్పినది విప్పినట్టే బల్ల మీద ఉంది.

"రేపు ఆయన దగ్గర ఇది మోగాల. వాయించేది నువ్వే. ఏది పెడతావో పెట్టు."

ఒంటి చుట్టది చేతిలోకి తీసుకున్నాను. వెంటనే నా మీద నాకే అనుమానం వచ్చింది. మాస్టారు పోయారు కాబట్టి పాత గొంతే కావాలనిపిస్తోందా? రేపు ఆయన్ని ఆయనది కాని గొంతుతో పంపిస్తానా?

"ఏంది చెల్లె, గట్ల చూస్తవ్? గోడకు తిరుగు," అన్నాడు అన్న. "నేను కొడత. గిటారు మీద నాకొచ్చింది ఒక్కటే కార్డు, నన్ను తిట్టకు."

ఆంటీ కూడా లేచి నా పక్కన గోడ వైపు తిరిగి నిలబడ్డారు. లైట్లు ఆర్పాం. అన్న ఒకటి బిగించి మీటాడు, విప్పి రెండోది బిగించి మీటాడు. నాకు మొదటిదానికే కళ్లు తడిశాయి, అదే అన్నాను. ఆంటీ రెండోది అన్నారు. ఈసారి వరుస మార్చమన్నాను. నేను మళ్లీ మొదటిదే అన్నాను. ఆంటీ కూడా మొదటిదే అన్నారు.

అన్న నవ్వాపుకోలేకపోయాడు. "చెల్లె, నువ్వు పికప్ ఎంచుకోలే, ఏది ముందొస్తే గదే అంటున్నవ్. ఆంటీ రెండుసార్లూ జంటదే పట్టింది."

"మీకెలా తెలిసింది ఆంటీ?"

"ఆయన ఇంట్లో వాయిస్తుంటే నేను ఎప్పుడు చూసేనమ్మా? పొయ్యి దగ్గర ఇటు తిరిగే ఉండేదాన్ని. ఆ ఒంటిది మంచిదే. దాన్లో ఆయన ఓపికుంది. దీన్లో ఓపికా ఉంది, కోపమూ ఉంది."

నమ్మలేక నేను మీటి చూశాను. గిటారు మీది వాల్యూమ్ బుడిపె తగ్గిస్తే అదే జంట చుట్టది తేటగా, కీర్తనకు సరిపోయేలా పలికింది. పెంచితే చెకోడీ విరిగింది. మూడోసారి వరుస మార్చమని అడగబోతుంటే ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు.

"చాలమ్మా. ఆయన డబ్బులేటీ మిగల్చలేదు గానీ అనుమానం మాత్రం నీకంటించి పోయేడు."

అన్న దాన్నే బిగించి, అతుకులు మళ్లీ కాల్చి గట్టి చేశాడు. ఆంటీ కొంగుతో గిటారు తుడిచారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "చర్చిలో ఆ గరగర ఒక్కసారైనా వాయించాలని ఆయనకి ఉండేది. వాయించనివ్వరని అడగనేలేదు."

రేపు ప్రార్థన ఎనిమిదింటికి. మాస్టారి శవపెట్టెను ఏడింటికల్లా చర్చికి తెస్తామన్నారు. తెచ్చినవాళ్లు టీకి బయటికి వెళ్లగానే మేం ముగ్గురం, మాస్టారి కూతురూ లోపలి నుంచి తలుపు వేసుకుంటాం. పాస్టరుగారి ఇల్లు వెనకే, ఆయన వినకుండా ఉండరని నా అనుమానం. "విననియ్," అన్నాడు అన్న. ఆంటీ మాస్టారి తల దగ్గర కూర్చుంటారు. నేను బుడిపెను చివరిదాకా తిప్పి ఒక్క పాట వాయిస్తాను. తర్వాత దాన్ని తగ్గించి, కీర్తన ఎత్తుకొని, ప్రార్థనకు వచ్చే మీ కోసం తలుపు తీస్తాం.