దస్తగిరి సారు మొక్కు

జమ్మలమడుగు బడిలో డ్రిల్లు సారు దస్తగిరి సాహెబ్ రోజూ మీసాలకు ఆముదం పట్టించేవాడు. ఆయన ఈల ఊదితే పిల్లలకన్నా ముందు కాకులు లేచేవి. ఆరో తరగతి ఓబులేసు మాత్రం జడలో కనకాంబరాలు సర్దుకుని, నడుము తిప్పుకుంటూ తీరిగ్గా వరసలో చేరేవాడు. వాణ్ణి చూసి నవ్వినవాడికి ఆ పూట మైదానం చుట్టూ పరుగే. ఒకరోజు కొత్త హెడ్మాస్టరు ఆ జడ కత్తిరించమని మంగలిని పిలిపించాడు. దస్తగిరి అడ్డం నిలబడ్డాడు.

"తిరుపతి కొండ మొక్కు సార్. ఈడ కత్తెర పెడితే శానా పాపం!"

హెడ్మాస్టరు చెంపలేసుకుని మంగలిని పంపేశాడు.

ఓబులేసు మెల్లగా దగ్గరికొచ్చాడు. "మా ఇంట్లో ఎవరూ మొక్కుకోలేదు సార్."

"నేను మొక్కుకున్నాలే రా."

"ఎప్పుడు తీరుస్తావు సార్?"

దస్తగిరి మీసం దువ్వుకున్నాడు. "నువ్వు ఎప్పుడంటే అప్పుడు. పో, వరసలో నిలబడు."